నూలుకో గుర్తు

జనవరి 6

పెదనాన్నకు,

మీరూ పెద్దమ్మా బాగున్నారనే అనుకుంటున్నాను. బాగా లేకపోతే పెద్దమ్మ ఈపాటికి నాలుగిళ్ళకి కబురు పెట్టేది. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేంటని విసుక్కోకండి. మీ వర్క్‌షాపులో మిషన్ల మోత మధ్య ఫోన్ ఎత్తి "ఆ, ఆ, సరే" అని పెట్టేస్తారు. నేను అడగబోయేది సరేతో తేలేది కాదు.

ఇది మాకు ఆఖరి సంవత్సరం కదా. ప్రతి జట్టూ ఏదో ఒక పనికొచ్చే వస్తువు సొంతంగా ఆలోచించి తయారుచెయ్యాలి. ఏప్రిల్ 12న యూనివర్సిటీ పెద్ద హాల్లో ప్రదర్శన. అరవై జట్లు, అరవై బల్లలు, బయటినుంచి జడ్జీలు. మా జట్టులో నలుగురం. ఒకతను మీసాలరాయుడు, ఒకమ్మాయి లెక్కలరాణి, ఇంకొకడు నిద్రమొహం, నాలుగోది నేను. నాకేం పేరు పెట్టారో చెప్పను.

మేం అనుకున్నది ఇదీ. చూపు సరిగ్గా ఆనని ఒక పెద్దాయన ఉన్నారు. చేతిపని మనిషి. ఆయన టేపు చూడకుండానే కొలత తీసుకునేలా ఒక కొలబద్ద చెయ్యాలి. మీరు ముప్ఫై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్నారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. కళ్ళు మూసుకుని ఒక చెక్కని కొలవాల్సి వస్తే మీ వేలికి ఏం తగలాలి? తీరిగ్గా ఆలోచించి రాయండి.

పెన్నుల్లో ఇంకు అయిపోయి స్కెచ్‌పెన్నుతో రాస్తున్నాను. అక్షరాలు లావుగా ఉన్నాయని నవ్వకండి.

మీ జవాబు కోసం పోస్టుమ్యాన్ దారి కాస్తూ,
అమ్మడు


జనవరి 15

అమ్మడూ,

నీ ఉత్తరం పెద్దమ్మ చదివి పెట్టింది. మూడు కాగితాల సంగతి పదకొండు కాగితాల్లో, అక్షరం బొటనవేలంత. హాస్టలంతా వెతికినా నీకొక్క పెన్ను దొరకలేదా? ఆ "ఒక పెద్దాయన" ఎవరో కనుక్కోలేనంత వెర్రివాణ్ణా నేను?

సరే, తెలిసిపోయింది కదా, దాచి లాభం లేదు. పోయిన వానాకాలం నుంచి ఇలా ఉంది. దేన్ని చూస్తే అది పోతుంది. చుట్టూ ఉన్నది మాత్రం ఉంటుంది. మనిషి మొహం వైపు చూస్తే మొహం ఉండదు, చెవులుంటాయి, భుజాలుంటాయి. కంటి వెనకాల తెర నడుమ ఎండిపోతోందట. అద్దాలు పనిచెయ్యవు, ఆపరేషనూ లేదు అన్నాడు కళ్ళ డాక్టరు. అంచులు మాత్రం ఎక్కడికీ పోవట, గుడ్డివాణ్ణి కానట. వడ్రంగికి టేపు మీద అంకె కనపడకపోతే ఇంకేం మిగిలిందని అడిగాను.

వర్క్‌షాపులో యజమానికి తెలియదు. పోయిన నెల ముప్ఫై ఎనిమిది అంగుళాల తలుపు పలక ముప్ఫై మూడుకి కోసేశాను. చెక్కలో పగులుంది, కోసి పారేశానని చెప్పాను. అబద్ధం. ఇంతకాలం పనిచేసి చెక్క మీద అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. ఇంకోసారి చెప్పలేను. అందుకని ఏప్రిల్ నెలాఖరుకి నడుంనొప్పి అని చెప్పి మానేస్తున్నాను. ఉలులు, చిత్రిక, రంపాలు ఎవరికివ్వాలో కూడా అనుకున్నాను. మీ నాన్నకి చెప్పకు. వాడు ఆ రోజే బస్సెక్కి వచ్చి నా ఎదురుగా కూర్చుని ఏడుస్తాడు.

నీ ప్రశ్నకి జవాబు. కడ్డీ మీద నూలుకో గుర్తు వేలికి తగిలితే చాలు. మిగతాది వేలే చూసుకుంటుంది. కానీ నా కోసం మీ చదువు పాడుచేసుకోకండి. ఇంకేదైనా ఎగిరేదో పరిగెత్తేదో చేసుకోండి.

వడ్రంగి పెన్సిలుతో రాశాను. వరస మీద వరస ఎక్కి ఉంటే నువ్వే విడదీసుకో.

మీ పెదనాన్న


ఫిబ్రవరి 2

మొండి పెదనాన్నకు,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడ్చాక కోపం వచ్చింది. పోయిన సెలవుల్లో మీరు నాతో మాట్లాడుతూ నా చెవి వైపే చూస్తుంటే కమ్మలు బాగున్నాయేమో అనుకున్నాను. ఇంటికెళ్ళాక నాన్నకి మీరు రాసిన ఉత్తరంలో ఒక వరస ఇంకో వరస భుజమెక్కి కూర్చుంటే అప్పుడు అర్థమైంది. నాన్నకి చెప్పలేదు. ఏప్రిల్ నెలాఖరుకి మానేస్తాననడం మాత్రం నేను వినలేదు. ఆ కాగితం తడిసి అక్షరాలు కనపడలేదనుకోండి.

ఇక పని సంగతి. మొదట ఒక ఉక్కు కడ్డీ మీద మిల్లీమీటరుకో గాటు పెట్టించాం. అందరం కళ్ళకి గుడ్డ కట్టుకుని లెక్కపెట్టాం. నేను ఇరవై ఏడు దగ్గర తప్పాను. లెక్కలరాణి నలభై ఒకటి దాకా వెళ్ళి తుమ్మింది, అంతే, మళ్ళీ మొదటికి. నిద్రమొహం కళ్ళకి గుడ్డ కట్టగానే నిజంగానే నిద్రపోయాడు.

సరిగ్గా అప్పుడే మీ ఉత్తరం వచ్చింది. నూలుకో గుర్తు అన్నారు కదా. మాలో ఎవరికీ తట్టనిది. కుట్టుమిషను నూలా, నేత నూలా అని కాసేపు వాదించుకుని చివరికి గట్టి నేత నూలు తెచ్చాం. అడుగు కడ్డీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా పోగు పక్కన పోగు, సందు లేకుండా చుట్టాం. ఆరు వందల పన్నెండు చుట్లు. చుట్టడానికి మూడు రోజులు పట్టింది. ఈ ఉత్తరంతోపాటే పార్సిల్ పంపుతున్నాను. మా ప్రొఫెసర్ ఇదేమిటని అడిగితే "మా పెదనాన్న డిజైన్ సర్" అన్నాను గర్వంగా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

ఇంకో మాట. ప్రదర్శనలో మిమ్మల్ని పెడితే బాగుంటుందని మా నలుగురి కోరిక. తప్పకుండా రావాలి.

పెద్దమ్మని అడిగానని చెప్పండి,
అమ్మడు


ఫిబ్రవరి 14

ఓసి ఇంజనీరూ,

పార్సిల్ విప్పి పెద్దమ్మ కుట్టుకోవడానికి నూలుకండె పంపావనుకుని పెట్టెలో దాచుకుంది. నీ ఉత్తరం చదివాక బయటికి తీసింది. చదువుతూ ఆరు వందల పన్నెండు చుట్లు అన్నచోట ఆగి నా మొహం చూసింది. నేను నవ్వడం మొదలుపెట్టి మంచం మీంచి లేవలేకపోయాను.

తల్లీ, నూలంటే పోగు కాదు. అంగుళంలో ఎనిమిదో వంతు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు, నాలుగు నూళ్ళయితే అర. మా మేస్త్రి నాకు అలాగే నేర్పాడు, నేను నా తర్వాతవాళ్ళకి అలాగే నేర్పాను. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి నూలు తెలియదా మీకు? మీ నాన్న కట్టిన ఫీజంతా ఏం చేశారు మీ కాలేజీవాళ్ళు?

నవ్వాక ఏమైందో చెప్తాను, శ్రద్ధగా విను. ఊరికే చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఉక్కు మీద గాటు నాకు కొత్త కాదు, చెమట పడితే వేలు జారిపోతుంది. ఈ నూలు జారదు. వేలిని పట్టుకుంటుంది. మీరు తప్పుగా అర్థం చేసుకుని సరైన వస్తువు పట్టుకున్నారు. నీ చుట్లన్నీ విప్పేశాను, క్షమించు. టేపు పెద్దమ్మ చూసింది, చుట్టింది నేను. నూలుకి ఒక చుట్టు. అర దగ్గర రెండు చుట్లు పక్కపక్కన. అంగుళం దగ్గర మూడు. కదలకుండా వజ్రం బంక పూశాను. ఆరాక కళ్ళు మూసుకుని పెట్టె మూత కొలిచాను. ఏడంగుళాల మూడు నూళ్ళు అన్నాను. పెద్దమ్మ టేపు పెట్టింది. కిటికీ కొలవమంది, పీట కొలవమంది, తన జాన కొలవమంది. ఒక్కటీ తప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత ఒక కొలత నాది అని నమ్మకంగా చెప్పాను.

ఇక రెండో సంగతి. ప్రదర్శనలో నన్ను పెడతావా? నేనేమన్నా చెక్క బొమ్మనా? కళ్ళు కనపడని వడ్రంగి, రండి, చూడండి అని బల్ల పక్కన నిలబెడతారా? జాలిపడి నీకు మార్కులు వేస్తారు, ఇక్కడ మా యజమానికి కబురు చేరుతుంది. నేను రాను. నా పేరు ఎక్కడా రాయకు.

కోపంగానే,
పెదనాన్న


మార్చి 3

పెదనాన్నా,

మిమ్మల్ని పెడితే అని రాయడం నా బుద్ధిలేనితనం. నేననుకున్నది వేరు. జట్టులో ఐదో మనిషిగా మా పక్కన నిలబడతారని. రాసేటప్పుడు తొందర, చదివాక సిగ్గు. మీ పేరు ఎక్కడా రాయను, మాట ఇస్తున్నాను. రమ్మని కూడా అడగను.

మీరు తిప్పి పంపిన కడ్డీ వచ్చిన రోజు ల్యాబులో అందరం దాని చుట్టూ మూగాం. మీసాలరాయుడు కళ్ళు మూసుకుని కొలిచాడు. మొదటిసారే సరిపోయింది. మళ్ళీ కొలిచాడు. కడ్డీని బల్ల మీద మెల్లగా పెట్టి "మనం రెండు నెలలు ఏం చేశాం?" అన్నాడు. లెక్కలరాణి ఐతే ఆ మూడు చుట్ల మీద వేలు పెట్టి అలా ఉండిపోయింది. చూడకుండా అంత సూటిగా ఎలా చుట్టారండీ? చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం మేం మిషను మీద కొలిచాం. వెంట్రుకవాసి తేడా కూడా లేదు.

ఇప్పుడు కడ్డీ మీద నూలుకో సన్నని గాడి తీయిస్తున్నాం, చుట్టు అందులో కూర్చుంటుంది. అరిగిపోతే ఎవరింట్లో వాళ్ళే కొత్త నూలు చుట్టుకోవచ్చు. బ్యాటరీ లేదు, చార్జింగ్ లేదు. కొలత దగ్గర ఆగేలా జారే బిళ్ళ ఒకటి, బిగించడానికి ఒక మర.

చిక్కు ఒక్కటే. ప్రొఫెసర్‌గారు ఒప్పుకోవడం లేదు. లోకమంతా మిల్లీమీటర్లయితే మీరు అంగుళాలూ నూళ్ళూ అంటారేమిటి, జడ్జీలు నవ్వుతారు, మార్చండి అంటున్నారు. పక్క జట్టువాళ్ళది మెట్లెక్కే బండి. ఎదుటి జట్టుది మనిషి చెయ్యి, గుడ్డు పట్టుకుంటుంది. వాటి మధ్య మాది నూలు చుట్టిన ఊచ. భయంగా ఉంది పెదనాన్నా. మార్చమంటారా?

కోపం తగ్గితేనే జవాబు రాయండి. తగ్గకపోయినా రాయండి.

అమ్మడు


మార్చి 20

అమ్మడూ,

కోపం ఎప్పుడో పోయింది. పెద్దమ్మ పోగొట్టింది. ఎలాగో అడగకు.

మార్చొద్దు. ఎందుకో మీ ప్రొఫెసర్‌కి ఇలా చెప్పు. వేలు ఏ గుర్తు మీద ఉన్నా దానికి దగ్గరలో అంగుళమో అరో ఉంటుంది. అక్కణ్ణుంచి ముందుకైనా వెనక్కైనా ఒకటి, మహా అయితే రెండు. రెండు దాటి నూళ్ళు లెక్కపెట్టే పనే లేదు. తుమ్మినా తప్పదు. మూడు నూళ్ళంటే అరకి ఒకటి వెనక. ఏడు నూళ్ళంటే అంగుళానికి ఒకటి వెనక. మిల్లీమీటర్లయితే నలభై ఏడు దాకా ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? లోకమంతా మిల్లీమీటర్లు కావచ్చు, వేలు మాత్రం రెండు దాకానే లెక్కపెడుతుంది. ఇది పుస్తకంలో ఉందా అని అడిగితే లేదని చెప్పు. ఉంటే నాకెందుకు రాస్తావు?

కొత్త కడ్డీ అందింది. వర్క్‌షాపుకి పట్టుకెళ్ళాను. ఒక సొరుగు దానితోనే కొలిచి అతుకులు కోశాను. పక్క బల్ల పాలిష్ మేస్త్రి ఆ పుల్లేమిటన్నాడు. మా తమ్ముడి కూతురు పంపిన ఆటవస్తువన్నాను. ఆటవస్తువుతో సొరుగు చేస్తావా అని నవ్వి ఊరుకున్నాడు. సొరుగు గాలి కూడా దూరకుండా కూర్చుంది.

ఐనా నా మాట మారదు. ఒకటి రెండు సొరుగులు వేరు, పని వేరు. దొంగతనంగా ఎన్నాళ్ళు చేస్తాను? ఏప్రిల్ నెలాఖరుకి మానేస్తున్నాను. ప్రదర్శనకి నేను రావడం లేదు కానీ, ఆ రోజు భయపడకు. జారే బిళ్ళ మర కాస్త వదులుగా ఉంది, బిగించు.

పెదనాన్న


ఏప్రిల్ 13

పెదనాన్నా,

నిన్న అయిపోయింది. ఇంకా కాళ్ళు నేల మీద లేవు. వరసలో చెప్తాను, లేకపోతే నాకే కలిసిపోతుంది.

హాల్లో అడుగుపెట్టగానే నోరు తెరిచి నిలబడిపోయాను. ఈ చివర నుంచి ఆ చివర కనపడదు. మెట్లెక్కే బండి నీళ్ళ డబ్బా మోసుకుని చుక్క ఒలకకుండా పైకెళ్ళింది. కాగితం గొట్టాలతో కట్టిన వంతెన మీద ఒక లెక్చరర్ నడిచారు, మా క్లాసంతా ఊపిరి బిగబట్టి చూసింది. వీళ్ళందరూ నాతో క్యాంటీన్లో టీ కోసం తోసుకునేవాళ్ళే. వాళ్ళ తలల్లో ఇవి ఉన్నాయని నాకు నాలుగేళ్ళూ తెలియలేదు.

జడ్జీలు ముగ్గురు మా బల్ల దగ్గరికి పదకొండింటికి వచ్చారు. ముందు నవ్వారు, ప్రొఫెసర్‌గారు చెప్పినట్టే. మిల్లీమీటర్లు ఎందుకు లేవని అడిగారు. మీ మాట ఉన్నదున్నట్టు చెప్పాను, వేలు రెండు దాకానే లెక్కపెడుతుందని. ఆ ముగ్గురిలో పెద్దావిడ కళ్ళు మూసుకుని కడ్డీ తీసుకుని మేం పెట్టిన చెక్కముక్క కొలిచింది. నాలుగంగుళాల ఐదు నూళ్ళు అంది. సరిగ్గా అంతే. ఇంకొకాయన లాక్కున్నారు. తర్వాత మూడో ఆయన. మా ప్రొఫెసర్‌గారు కూడా కళ్ళు మూసుకుని "రెండంగుళాల ఏడు నూళ్ళు" అన్నారు. పెదనాన్నా, అంత చదువుకున్న నలుగురు మనుషులు ఒకరితో ఒకరు నూళ్ళలో మాట్లాడుకున్నారు.

బహుమతి రాలేదు. మొదటిది గుడ్డు పట్టుకునే చేతికి వచ్చింది, రావాల్సిందే. నేనూ చప్పట్లు కొట్టాను.

అసలు సంగతి ఇప్పుడు. జడ్జీలతో మేం ముగ్గురం మాట్లాడుతుంటే బల్ల అవతల నిద్రమొహం ఉన్నాడు. చేతిసంచీతో ఒకాయన వచ్చి ఇంకో కడ్డీ తీసుకుని బల్ల అంచు కొలిచి, "ఈ బల్ల ఈ మూల ఒక నూలు వంకర" అని చెప్పి వెళ్ళిపోయారట. సాయంత్రం సర్దుకునేటప్పుడు వాడు ఆవలిస్తూ చెప్పాడు. మేం కొలిచి చూశాం. ఒక నూలు వంకరే. బయటికి పరిగెత్తాను, బస్టాండు దాకా వెళ్ళాను.

మీరే కదూ? వచ్చి నన్ను పలకరించకుండా ఎలా వెళ్ళారు? నా మీద ఇంకా కోపమేనా?

అమ్మడు


ఏప్రిల్ 24

అమ్మడూ,

నేనే. కోపం కాదు.

వద్దనుకుంటూనే బస్సెక్కాను. పెద్దమ్మ దారికి సంచీ సర్దిపెట్టి, ఎక్కడికని కూడా అడగలేదు. లోపలికొచ్చాక మొదట ఏమీ తెలియలేదు. ఏ బల్ల వైపు చూస్తే ఆ బల్ల లేదు. సరేలే అని దేన్నీ చూడకుండా ఊరికే నడిచాను. అప్పుడు అన్నీ కనిపించాయి. ఇటు ఏదో పాకుతోంది, అటు ఏదో లేచి నిలబడుతోంది, ఎక్కడో నీళ్ళు పైకి పోతున్నాయి. జన్మలో అంత వింత చూడలేదు. ముట్టుకోవచ్చా అని అడిగితే ఒక్కరూ వద్దనలేదు. కాగితం వంతెన అతుకులు తడిమాను. నేను చేసినా అంతకంటే బాగా రావు. గుడ్డు పట్టుకునే చెయ్యి నా చేతిని పట్టుకుంది. ఎంత నొక్కాలో దానికి తెలుసు. ఆపైన వదిలింది. అది చేసిన అబ్బాయి గొంతు ఇంకా సరిగ్గా ముదరలేదు. ఇరవై ఏళ్ళకి వీళ్ళు ఇంత చేస్తే ఇక ముందేం చేస్తారో అని నిలబడి ఆలోచించాను. భయం కూడా వేసింది, మంచి భయం.

నీ గొంతు ఆనవాలు పట్టుకుని మీ బల్ల దగ్గరికి వచ్చాను. నీ చెవి, నీ జడ, ఆడించే చెయ్యి కనిపించాయి. ఆ పెద్దావిడ "ఇది ఎవరి కోసం చేశారమ్మా?" అని అడిగింది. నేను సంచీ బిగించి పట్టుకున్నాను. ఇప్పుడు చెప్తావు, పాపం మా పెదనాన్న అని. నువ్వేమన్నావో నీకు గుర్తుందా? "ఎవరి కోసమో చెయ్యలేదు మేడం. ఒక వడ్రంగి చేశారు. మేం గాడి తీసి, మర బిగించాం" అన్నావు. ఆవిడ "ఆయనెవరు?" అంటే "పేరు చెప్పొద్దన్నారు, చాలా మొండి" అన్నావు. అందరూ నవ్వారు. ఆ తర్వాత నూళ్ళు, నూళ్ళు అని ఆ పెద్దవాళ్ళ నోళ్ళలో మా మేస్త్రి మాట వినిపిస్తుంటే నిలబడి విన్నాను. నిన్ను పలకరిస్తే అక్కడే మీ నాన్నలా ఏడుస్తానని వచ్చేశాను. బల్ల వంకర సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను.

మర్నాడు యజమాని గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. కన్ను, ముప్ఫై మూడుకి కోసిన పలక, అబద్ధం, సొరుగు. ఆయన కడ్డీ అడిగి తీసుకున్నాడు. ఒక చెక్కముక్క నా ముందు పెట్టి కొలవమన్నాడు. ఐదంగుళాల మూడు నూళ్ళు అన్నాను. టేపు పెట్టి చూశాడు. ఇంకోటి తెచ్చాడు. అలా తొమ్మిది ముక్కలు. చివరికి, "రంపం మిషను దగ్గరికి మాత్రం నువ్వు రాకూడదు, వేళ్ళు పోతే నేనెవరికి చెప్పుకోవాలి? అతుకుల పనంతా నీదే" అన్నాడు. పలక గురించి ఒక్క మాట అనలేదు.

నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచాడు. "అన్నట్టు, నీకిక వెలుతురుతో పనిలేదు కదా. కిటికీ పక్క బల్ల పాలిష్ మేస్త్రికిచ్చి నువ్వు లోపలి మూలకి జరుగు. పాపం ఆయన చీకట్లో అవస్థ పడుతున్నాడు" అన్నాడు.

ఎంత మాటన్నాడో చూడు. పంతొమ్మిదేళ్ళ నా బల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది. అంచుల చూపుకైనా వెలుతురు కావాలి, గాలి కావాలి, నేను జరగనన్నాను. ఆయన గొంతు పెంచాడు, నేనూ పెంచాను. మిషన్లు ఆపి అందరూ విన్నారు. పాలిష్ మేస్త్రి మధ్యలో వచ్చి నాకే బల్లా వద్దు మహాప్రభో అని దణ్ణం పెట్టాడు. ఇంటికొచ్చి పెద్దమ్మకి చెప్తే, మీ ఉద్యోగం మాటేమైందో ముందు చెప్పండి అని విసుక్కుంది. అప్పటిదాకా ఆ సంగతే నాకు గుర్తు రాలేదు.

కిటికీ గొడవ ఇంకా తేలలేదు. సోమవారం పనికెళ్ళి తేలుస్తాను.

మీ ఐదో మనిషి,
పెదనాన్న